జల్లెడలో చిక్కుకున్న రిపోర్టు

జూలై పన్నెండు, శనివారం. ఆళ్ళగడ్డ, చెల్లెలి ఇల్లు. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, చెల్లెలు, ఆమె భర్త. మధ్యాహ్నం కాసేపు పక్కింటావిడ వచ్చి, మజ్జిగ తాగి, వానల గురించి మాట్లాడి వెళ్ళింది. ఆమెకు సంగతి తెలియదు.

నా డైరీలో ఏ రోజైనా ఇలాగే మొదలవుతుంది. తపాలా ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టుకున్న అలవాటు, పదవీ విరమణ తర్వాత కూడా పోలేదు. ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారో, ఆ పైన ఏం జరిగిందో. ఎవరెదుట జరిగిందో ముందే రాసిపెట్టుకుంటే, తర్వాత రాసేదాంట్లో కోతలు కోయడానికి చెయ్యి రాదు.

ఆ పొద్దున నంద్యాల నుంచి మేమిద్దరం బస్సులో ఆళ్ళగడ్డకు వెళ్ళింది చెల్లెలి స్కాన్ రిపోర్టు కోసం. ఆమె నా వెనక పుట్టింది. అంతకు ముందటి ఏడు ఆమెకు రొమ్ములో గడ్డ కనబడింది. కర్నూలులో ఆపరేషన్ చేశారు, తర్వాత నెలల తరబడి మందులు ఎక్కించారు. జుట్టంతా రాలిపోయి, మళ్ళీ ఇప్పుడిప్పుడే చిన్నపిల్లలకు వచ్చినట్టు మెత్తగా వస్తోంది. మందులన్నీ అయిపోయాక తీసిన మొదటి స్కాన్ అది. జబ్బు పోయిందా, ఎక్కడైనా మిగిలిందా అన్నది అందులో తేలుతుంది. శనివారం సాయంత్రానికి రిపోర్టును వెబ్‌సైటులో పెడతామనీ, ఫోను నంబరు కొట్టి చూసుకోవచ్చనీ, అందుకోసం కర్నూలు దాకా రానక్కర లేదనీ ఆసుపత్రివాళ్ళు చెప్పారు.

చెల్లెలి ఫోనులో ప్రకటనలను ఆపడానికి నేను పెట్టిన జల్లెడల సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

జుట్టు రాలుతున్న రోజుల్లో ఉయ్యాలవాడలో వాళ్ళ దగ్గరి బంధువుల పెళ్ళి ఒకటి వచ్చింది. జడ లేకుండా పెళ్ళికి ఎలా వెళ్ళడమని ఆమె ఒక సాయంత్రం ఫోనులో సవరం కోసం వెతికింది. ఒక్కసారే వెతికింది. చివరికి పెళ్ళికి పోనేలేదు. కానీ ఫోను ఆ మాట మరిచిపోలేదు. ఆ తర్వాత ఆమె ఏది తెరిచినా పెట్టుడు జుట్లే. వాటి వెనకాలే ఆపరేషన్ అయినవాళ్ళు వేసుకునే లోపలి బట్టలు, ఆ జబ్బుకు బీమా, ఆ జబ్బుకు ఆకు పసరు. ఏ జబ్బు పేరు మా ఇళ్ళల్లో ఎవరమూ నోటితో అనకుండా 'అది' అని సరిపెట్టుకుంటున్నామో, ఆ పేరు రోజుకు పదిసార్లు పెద్ద అక్షరాలతో ఆమె చేతిలో వెలిగేది.

మా చెల్లెలికి ముగ్గులంటే ప్రాణం. చుక్కల ముగ్గులు ఫోనులో చూసి, కాగితం మీద వేసుకుని, తెల్లారి వాకిట్లో వేసేది. ఆపరేషన్ తర్వాత వంగి వేయలేక చూడటంతోనే తృప్తి పడుతోంది. ఒకరోజు ఫోను చేసి, ఇంక ఆ ఫోను ముట్టనని చెప్పింది. ఏమైందని అడిగాను.

"ముగ్గు చూద్దామని తెరిస్తే ముగ్గు నడిమధ్యన బోడి తలకాయన్నా. వాడు నా ఎంటబడినాడు" అంది.

ప్రకటనను ఆమె ఎప్పుడూ 'వాడు' అనే అంటుంది. వాడు వచ్చినాడు, వాడు పోయినాడు, వాడు మళ్ళీ వచ్చినాడు.

ఆమె భర్తకు ఆళ్ళగడ్డ బజారులో దినుసుల అంగడి ఉంది. తాతల నాటి అంగడి. నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టాను కానీ బేరాలు చేతకాక తపాలా ముద్రలు కొట్టుకుంటూ బతికానని ఆయన నన్ను ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం ఎగతాళి లేకుండా, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"పొద్దన్నుంచి మాపటిదాకా అంగట్లో కూర్చుంటాండా బావా. బెల్లం ధర అడిగి పోయినోళ్ళను ఇంటిదాకా తరుముకుంటా పోతానా? ఇదేం యాపారం?"

పేజీ ఒకరిదే అయినా దాని వెనక నిలబడి వచ్చిపోయేవాళ్ళను రాసుకునేవాళ్ళు వేరే ఉంటారని, ఈ పేజీలో రాసుకున్నది ఆ పేజీలో వాళ్ళకు చేరవేస్తారని నాకు తెలిసినంతలో చెప్పాను. వినేసి, అట్లయితే వాళ్ళకు నా అంగట్లో గుడ్డివాడి కొలత కొలవాలి అన్నాడు. చూసుకోలేనివాడికి తక్కువ తూచడమని దాని అర్థం కాబోలు.

నా ఫోనులో అప్పటికే ఈ ప్రకటనల పని పట్టి ఉన్నాను. వార్తలు చదవడానికి తెరిస్తే, ప్రకటనను మూసే గుర్తు ఆవగింజంత ఉండేది. నా వేలు దాని మీద పడేది కాదు, ప్రకటన మీదే పడేది. విసుగు పుట్టి, ప్రకటనలను ఆపే జల్లెడ ఉన్న బ్రౌజర్ ఒకటి పెట్టుకున్నాను. సహాయ పేజీలన్నీ మెల్లగా చదివాను. ఆ పనిలో నాకు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. చేశాక కొన్ని రోజులు వాడి చూడాలి. ఏదైనా పేజీ చెడితే, చెడగొట్టింది ఏదో అప్పుడే తెలుస్తుంది. అన్నీ ఒక్కసారి మారిస్తే ఏది ఎందుకు చెడిందో బ్రహ్మకు కూడా తెలియదు. మంచి జల్లెడ అంటే అన్నీ ఆపేది కాదు. పిండిని పోనిచ్చి పొట్టును ఆపేది.

వేసవిలో వెళ్ళినప్పుడు చెల్లెలి ఫోనులోనూ ఆ బ్రౌజర్ పెట్టాను. పేజీ పైన డాలు లాంటి గుర్తు ఉంటుంది, ఏ పేజీ అయినా సరిగా రాకపోతే దాన్ని నొక్కి ఆ ఒక్క చోటికి జల్లెడ తీసేయవచ్చని చూపించాను. ఆమె ముగ్గుల పేజీ తెరిచింది. చుక్కలు, గీతలు, చుట్టూ ఖాళీ. కాసేపు అలా చూస్తూనే ఉండిపోయింది.

"ఎంత తెల్లగా ఉందన్నా. ఇప్పుడే అలికినట్టుంది" అంది.

ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఉద్యోగంలో ఏ మెప్పుకూ కలగలేదు.

అది చూసి ఆమె భర్త తన ఫోనుకూ కావాలన్నాడు. ఆయన అంగట్లో కూర్చుని ఒక వెబ్‌సైటులో పాత పాటలు వింటాడు. జల్లెడ పెట్టిన మర్నాడే నాకు ఫోను వచ్చింది. "బావా, పాట ల్యా. పాడేవాడు గూడా ప్రకటనే అనుకున్నావా ఏందీ?" నంద్యాలలో కూర్చుని నేను అదే సైటు నా ఫోనులో తెరిచి, ఒక్కొక్కటే తీసి చూశాను. పేజీ ఒక చిరునామా నుంచి వస్తుంది, పాట ఇంకో చిరునామా నుంచి వస్తుంది. ఆ రెండో చిరునామా కొత్తదని జల్లెడ ఆపేసింది. దాన్నొక్కదాన్ని వదలమని పెట్టించాక పాట వచ్చింది. అంగట్లో సామాన్లకు వచ్చినవాళ్ళకు నా గొప్పతనం చెప్పాడట, ముద్రలు కొట్టేవాడికి కూడా బుర్ర ఉంటుందని.

ఇలా రెండు నెలలు బాగానే గడిచింది. జూలై మొదట్లో చెల్లెలు మళ్ళీ ఫోను చేసింది. బ్రౌజరులో వాడు రావడం లేదు కానీ పంచాంగం చూసే యాప్‌లోకి వచ్చాడని. తిథి చూద్దామంటే తిథి కింద వాడు. నేను పెట్టిన జల్లెడ బ్రౌజరులోనే పనిచేస్తుంది, యాప్‌లకు అది అడ్డం కాదు. వాటికి వేరే దారి ఉంది. ఫోను ఏ పేజీని పిలవాలన్నా ముందు ఒక చిరునామాల పుస్తకాన్ని అడుగుతుంది, ఫలానా పేరుగలవాళ్ళ ఇల్లు ఎక్కడ అని. ప్రకటనలవాళ్ళ పేర్లు అడిగితే 'అలాంటివాళ్ళు లేరు' అని చెప్పే పుస్తకాన్ని ఫోను సెట్టింగులలో పెట్టవచ్చు. తపాలా పనిలో బతికినవాడిని కాబట్టి ఈ సంగతి నాకు చదవగానే ఎక్కింది. చిరునామాదారు లేరని రాసి ఎన్ని కవర్లు వెనక్కి పంపలేదు!

పన్నెండో తేదీ పొద్దున ఆళ్ళగడ్డలో దిగి, ఇంట్లోకి పోయి, కాఫీ కూడా తాగకముందే ఆమె ఫోను తీసుకుని ఈ రెండో జల్లెడ పెట్టాను. అన్నిటికన్నా గట్టి రకం ఎంచుకున్నాను. ఆ పుస్తకం నడిపేవాళ్ళ దగ్గర ఒక చిట్టా కూడా ఉంటుంది, ఈ ఫోను ఎప్పుడు ఏ చిరునామా అడిగిందో అంతా రాసి చూపిస్తుంది. అది నా ఖాతాలో కనబడుతుంది. చెల్లెలు ఏ పొద్దున ఏం చూసిందో అన్న కూర్చుని చదవడం బాగుండదనిపించి, చిట్టా రాయవద్దని పెట్టాను. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పవలసినంత పెద్దదనిపించలేదు.

ఒకసారికి ఒక్క మార్పే, చేశాక కొన్ని రోజులు వాడి చూడాలి అన్న నా పద్ధతి ఆ పొద్దున ఎటు పోయిందో. రిపోర్టు వచ్చే రోజు ఆమె ఫోను తెరిచినప్పుడు బోడి తల కనబడకూడదు, అంతే అనుకున్నాను. ఇద్దరు వండిన పప్పులో ఉప్పు రెండుసార్లు పడ్డట్టయింది.

సాయంత్రం నాలుగు దాటాక అందరం నడవలో కూర్చున్నాము. రోడ్డవతల శిల్పాలు చెక్కేవాళ్ళ ఉలి చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది. ఆమె భర్త అంగడి పనివాడికి అప్పగించి వచ్చాడు. చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని, తలకు కట్టుకున్న బట్ట సర్దుకుని, తనే ఆసుపత్రి సైటు తెరిచింది. నంబరు కొట్టింది. మెసేజీలో వచ్చిన అంకెలు కొట్టింది. చక్రం తిరిగింది. పేజీ వచ్చింది.

పైన ఆమె పేరు. వయసు. తేదీ. స్కాన్ పేరు. దాని కింద గీత. గీత కింద ఏమీ లేదు. కిందికి లాగింది, పైకి లాగింది. తెల్లగా ఉంది.

నేను ఏదో అనబోయేలోపలే ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పేరుంది, వయసుంది. కింద రాయలేదు" అంది.

భర్త ఫోను తన చేతికిమ్మన్నాడు. ఆమె ఇవ్వలేదు. ఇంకాసేపటికి వస్తుందేమో అంది నా భార్య. చెల్లెలు అది విననట్టే నావైపు తిరిగింది.

"పొద్దున రాంగానే నా ఫోను తీసుకుని ఏందో చేసినావు గదన్నా. ఏం దాచినావు?"

ప్రకటనలు రాకుండా చేశానన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది.

ఆమె అలా అనుకోవడంలో వింత లేదు. మా ఇళ్ళల్లో చెడ్డ వార్త ఎవరూ ముఖాన చెప్పరు. మా నాయన పోయినప్పుడు ఆమె అత్తగారింట్లో ఉంది. మా పెదనాయన ఆమెకు 'నాయనకు ఒంట్లో బాగలేదు, బయల్దేరు' అని టెలిగ్రామ్ కొట్టించాడు. దారి పొడుగునా ఆమె నాయనకు ఇష్టమని కొన్న పండ్లు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. సందు మొదట్లో అరుగుల మీద తలలు వంచుకుని కూర్చున్న మగవాళ్ళను చూసి తెలుసుకుంది. నంద్యాలలో తపాలా కౌంటరు దగ్గర నేనే ఎన్ని టెలిగ్రాములు చూశాను. 'సీరియస్' అని రాసి ఉంటే అయిపోయిందని అర్థం. నిజంగా సీరియస్‌గా ఉన్నవాళ్ళ కోసం ఏం రాయాలో తెలియక మనుషులు కౌంటరు ముందు ఆలోచిస్తూ నిలబడేవాళ్ళు.

చెల్లెలు ఆ రోజు అదే అంది.

"మన ఇండ్లల్లో రాయకుండా వదిలిందే చెడ్డ వార్తన్నా. ఆసుపత్రోళ్ళు రాసింటారు. మీరంతా కూడబలుక్కొని చెరిపినారు."

నేను డాలు గుర్తు నొక్కి జల్లెడ తీసేస్తాను, నీ ఎదుటే తీస్తాను అన్నాను. ఫోను ఇచ్చింది. నొక్కాను. అంతా తీసేశానని చెప్పి, పేజీ మళ్ళీ తెరిచాను. పైన పేరు, వయసు, తేదీ. కింద అదే తెలుపు.

"తీసేసినా అంటివి. ఇంకా ల్యాదే" అంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను పడగొట్టింది. ఆపైన నాకు ఏదీ వరసగా తోచలేదు.

ఆసుపత్రి నంబరుకు ఆమె భర్త ఫోను చేశాడు. సోమవారం చేయమని ఒక యంత్రం చెప్పింది. తన ఫోనులో చూస్తానన్నాడు. అంకెలు నా ఫోనుకే కదా వస్తాయి, నాకంటే ముందు ఎవరూ చూడడానికి లేదు అందామె. నా భార్య మాత్రం ఆమె పక్కన చేరి చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "మీ అన్నకు దాచేది యాడొస్తాది పాపా. కూరలో ఉప్పెక్కువైతే బాగుందంటాడు, మొహం చూస్తే తెల్సిపోతాది. ముప్పై ఏండ్లుగా చూస్తాండా."

చెల్లెలు నవ్వలేదు కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాసేపయ్యాక ఫోను తీసుకుని అలవాటుగా మర్నాటి తిథి చూసుకుంది. చూసి, ఫోనును వంటింటి గూట్లో పప్పు డబ్బాల వెనక పెట్టింది. ఇంక ఆ సంగతి ఎవరూ ఎత్తవద్దని చెప్పి, ఎసరు పెట్టడానికి లేచింది. మేము తిన్నాము. తను వడ్డించింది. ఎవరి ఇంట్లో ఏ ఆవు ఈనిందో, గడివేముల వైపు వానలు ఎలా పడ్డాయో మాట్లాడుకున్నాము. ఆమె భర్త రెండుసార్లు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. వాళ్ళ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి మాట లేకుండా అన్నం తినడం నేను చూడలేదు.

మర్నాడు ఆదివారం. తెల్లవారి నేను పెరట్లో ముఖం కడుక్కుంటుంటే నా భార్య తువ్వాలు తెచ్చి ఇచ్చి, ఒక మాట అడగనా అంది.

"నిన్న అంతా తీసేసినా అంటివి గదా. మరి పాప పంచాంగం చూసినప్పుడు నేను పక్కనే ఉన్నా. కింద వాడు రాలేదే?"

నేను తువ్వాలు ముఖానికి అలాగే పట్టుకుని నిలబడ్డాను. వాడు రాలేదంటే రెండో జల్లెడ ఇంకా ఉంది. నేను తీసింది బ్రౌజరులోది ఒక్కటే. ముందురోజు పొద్దున కాఫీ తాగకముందు సెట్టింగులలో పెట్టినది, ఇంతా చేసి, నాకు గుర్తే రాలేదు. చిరునామాల పుస్తకం ఇంకా కొందరిని 'లేరు' అనే చెబుతోంది. ఆసుపత్రి పేజీ ఆసుపత్రిదే. రిపోర్టు మాత్రం, ఆ అంగట్లో పాటలాగే, ఇంకో చిరునామా నుంచి రావాలి కాబోలు.

చెల్లెలు పెరటి మెట్టు మీద కూర్చుని చుక్కకూర ఒలుస్తోంది. నేను వెళ్ళి కింది మెట్టు మీద కూర్చున్నాను. కాసేపు నేను కూడా ఒలిచాను. తర్వాత చెప్పాను.

"అమ్మీ, నేను రెండు జల్లెళ్ళు పెట్టినా. నిన్న ఒకటే తీసినా. రెండోది ఉందని మర్చిపోయినా."

ఆమె కాడలు విరుస్తూనే ఉంది.

"రిపోర్టు నీకు తెలుసు" అంది.

"తెల్దు."

"ఒట్టేయ్."

"నా మీద ఒట్టు."

"నీ మీద గాదు. వదిన మీద వేయి."

వంటింటి గడపలో నిలబడ్డ నా భార్య, వేయమన్నట్టు తల ఊపింది. వేశాను. చెల్లెలు అప్పుడు తలెత్తి నా ముఖంలోకి చూసింది. ఉప్పెక్కువైన కూర తిన్న ముఖం కోసం వెతికింది అనుకుంటాను. లేచి, చేతులు కడుక్కుని, పప్పు డబ్బాల వెనక నుంచి ఫోను తెచ్చింది.

రెండో జల్లెడను మొత్తంగా తీసేయవచ్చు, అది ఒక్క నిమిషం పని. కానీ తీసేస్తే వాడు వస్తాడు. రిపోర్టు చదివే చోటే, ఏ రాత కింద ఏ బొమ్మతో వస్తాడో చెప్పలేము. ఆ సంగతి చెప్పి, రెండు దారులు ఉన్నాయన్నాను. అంతా తీయడం ఒకటి. లేదా, ఏ చిరునామా చిక్కుకుందో కనుక్కుని దాన్నొక్కదాన్నే రానివ్వడం. రెండోదానికి చిట్టా రాయమని కాసేపు పెట్టాలి, అందులో ఆమె ఫోను అడిగినవి నాకు కనబడతాయి. అందుకు ఆమె ఒప్పుకోవాలి అన్నాను.

"అంటే నేనేం చూస్తాండానో ఇన్నాళ్ళూ నీకు తెలుస్తానే ఉండిందా?"

"ఇది నిన్ననే గదా పెట్టింది. అప్పుడే రాయొద్దని పెట్టినా."

"దినామూ డైరీ రాసేటోడివి. ఇది రాయొద్దంటివా?"

"ఇది నాది గాదు గదమ్మీ."

చెల్లెలు ఫోను నాకివ్వకుండా తన ఒళ్ళోనే పెట్టుకుని, ఎక్కడ నొక్కాలో చూపించమంది. చూపించాను. చిట్టా మొదలైంది. ఆసుపత్రి పేజీ మళ్ళీ తెరవమన్నాను. పేరు, వయసు, తేదీ, గీత, తెలుపు. ఆమె భర్త అప్పటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా ఫోనులో చిట్టా చూశాము. ఆపిన పేర్లు ఎర్రగా ఉన్నాయి. చాలావరకు నేను ఎరిగినవే, వచ్చిపోయేవాళ్ళను రాసుకునేవాళ్ళ పేర్లు. వాటి మధ్య కొత్తది ఒకటి ఉంది. స్కాన్ బొమ్మలూ రిపోర్టులూ దాచి ఉంచే ఏదో సంస్థ పేరు అని చదివితే తెలుస్తోంది. ఆసుపత్రి తప్పేమీ లేదు. నేను ఎంచుకున్న గట్టి రకం జల్లెడ దాన్నీ వాళ్ళతోపాటు కట్టేసింది. ఆ పేరు పక్కన 'రానివ్వు' అని గుర్తు పెట్టాను. చిట్టా ఆపేసి, రాసినంతవరకు చెరిపేసి, చెరిపేశానని ఆమెకు చూపించాను.

"ఇప్పుడు నువ్వే తెరువు. మేమెవరమూ చూడము" అన్నాను.

నేను పెరటి గోడవైపు తిరిగాను. నా భార్య గడపలోనే ఉంది. ఆమె భర్త, తిరగాలా వద్దా అని తేల్చుకోలేక, తల మాత్రం పక్కకు తిప్పుకున్నాడు. అంకెలు వచ్చిన చప్పుడు వినబడింది. తర్వాత ఒక్కొక్క అంకే కొడుతున్న చప్పుడు.

"వచ్చిందన్నా. ఇంత పొడుగుంది."

"చదవనా?"

"వద్దు. నేనే చదువుతా."

ఆమె పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ, పెద్ద పెద్ద మాటల దగ్గర ఆగి, వాటిని దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి చదివింది. ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు, ఒక్కొక్కదాని గురించీ ఒక్కో వరస. నేను గోడవైపే చూస్తూ, మాట మాట విని, నోరు కదపకుండా నిలబడ్డాను. ఆ గోడలో ఏ ఇటుక ఎక్కడ పగిలిందో ఇప్పటికీ చెప్పగలను. చివరి వరస ఆమె రెండుసార్లు చదివింది.

"దీనికేం అర్థమన్నా?"

అప్పుడు తిరిగి చూశాను. ఆమె వేలు పెట్టిన చోట చదివాను. జబ్బు తిరిగి వచ్చినట్టు గానీ, ఇంకెక్కడైనా ఉన్నట్టు గానీ ఏమీ లేదు, ఆరు నెలల తర్వాత మళ్ళీ చూడాలి అని ఉంది.

"ఏమీ లేదంట" అన్నాను.

"ఏమీ ల్యా అంటే?"

"అది. యాడా ల్యా."

ఆమె ఆ పేజీని పైనుంచి కిందికి ఇంకోసారి లాగింది.

"నిన్న గూడా ఏమీ ల్యా గదన్నా. ఏమీ ల్యా అని చెప్పేదానికి ఇంత రాసినారా?"

ముందు నవ్వింది నా భార్య. గోడకు ఆనుకున్న ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, అంగడి తాళాలు ఎక్కడ పెట్టానో అనుకుంటూ లోపలికి పోయాడు. తాళాలు ఆయన నడుముకే ఉన్నాయి. ఎవరమూ చెప్పలేదు.

చెల్లెలు ఫోను మెట్టు మీద పెట్టి, ఒలిచిన చుక్కకూర గిన్నె నా భార్య చేతికిచ్చింది.

"వదినా, ఆకలైతాంది" అంది. మందులు మొదలుపెట్టిన నాటి నుంచి ఆమె నోట మేము వినని మాట అది. నా భార్య పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళింది.